కోఠి, సుల్తాన్ బజార్ వీధుల్లో మనవాళ్లు: ఎవరి గురించి మీకేం తెలుసు?

రాంకోఠి వాసి

సభ్యులందరికీ నమస్కారం. మా కాలనీ బడిపిల్లలకు చార్మినార్ తెలుసు, గోల్కొండ తెలుసు. రోజూ బడి బస్సులో దాటిపోయే కోఠి, సుల్తాన్ బజార్, గౌలిగూడ వీధుల్లో ఎవరెవరు ఉండేవారో, ఏయే పనులు ఇక్కడ మొదలయ్యాయో మాత్రం ఒక్కరికీ తెలియదు. పెద్దవాళ్లలో కూడా చాలామందికి కోఠి అంటే బట్టల బేరం, పాత పుస్తకాలు, బస్సుల రద్దీ. సెలవుల్లో ఒక ఆదివారం పొద్దున్నే, దుకాణాలు తెరవకముందే, పిల్లలను నడిపిస్తూ ఈ వీధులన్నీ చూపించాలని కొందరం అనుకున్నాం.

ప్రతి మలుపు దగ్గరా ఒక మనిషి గురించి చెప్పాలని నా కోరిక. ఫలానా ఆయన ఇక్కడ ఉండేవారు, ఈ పని చేశారు, దానివల్ల మనకు ఇది దక్కింది అని. దివాన్లు, నవాబుల సంగతి ఎలాగూ పుస్తకాల్లో ఉంటుంది. బడి పెట్టినవారు, గ్రంథాలయం నడిపినవారు, వైద్యం చేసినవారు నాకు ముఖ్యం. మీకు తెలిసినవి రాయండి.

మూసీతీరం

ఎవరితో మొదలుపెట్టినా రెసిడెన్సీ గురించి చెప్పక తప్పదు. ఈ పేట పెరిగిందే దాని చుట్టూ. నిజాం కొలువులో బ్రిటిష్ వారి ప్రతినిధిని రెసిడెంటు అనేవారు, ఆయన నివాసమే రెసిడెన్సీ. రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ దాన్ని 1803 ప్రాంతంలో కట్టడం మొదలుపెట్టించాడు. శామ్యూల్ రస్సెల్ అనే ఇంజనీరు దాని నిర్మాణం చూశాడు. ముందువైపు ఆరు ఎత్తయిన స్తంభాలు, వెడల్పాటి మెట్లు, మెట్లకు అటూ ఇటూ సింహాలు. పిల్లలు మొదట ఆ సింహాల దగ్గరికే పరుగెత్తుతారు, కాసేపు వదిలేయండి.

కిర్క్‌పాట్రిక్ ఖైరున్నీసా అనే హైదరాబాదు అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. 1805లో వాళ్ల ఇద్దరు పిల్లలను ఇంగ్లండుకు పంపేశారు. అబ్బాయికి నాలుగేళ్లు, అమ్మాయికి మూడేళ్లు. అదే ఏడాది కలకత్తాలో కిర్క్‌పాట్రిక్ చనిపోయాడు. ఖైరున్నీసా 1813లో కన్నుమూసింది, ఆ పిల్లలను మళ్లీ చూడనేలేదు. ఆవరణలో ఆమె కోసం కట్టించినట్టు చెప్పే చిన్న నమూనా భవనం ఒకటి ఉంది. ఆ నమూనా దగ్గర నిలబెట్టి పిల్లలకు ఈ సంగతి చెప్పండి. పదేళ్ల పిల్లలకు పెద్ద భవనం కంటే అది ఎక్కువ గుర్తుంటుంది.

ఇంకొకటి. రెసిడెన్సీ చుట్టూ పెరిగిన బజార్లు చాలాకాలం రెసిడెంటు అధికారం కిందే ఉన్నాయి. 1933లో నిజాం ప్రభుత్వానికి తిరిగి దక్కాకే వాటికి సుల్తాన్ బజార్ అనే పేరు వచ్చింది. నగరంలో మిగతాచోట్ల సభ పెట్టాలన్నా సంఘం పెట్టాలన్నా ఉండే ఆంక్షలు ఈ నాలుగు వీధుల్లో అంతగా ఉండేవి కావు. గ్రంథాలయాలు, సంస్కరణ సంఘాలు, బడులు ఇక్కడే ఎందుకు పుట్టాయని పిల్లలు అడిగితే జవాబులో పెద్ద భాగం ఇదే.

అక్షరాభిలాషి

మూసీతీరం గారు చెప్పిన ఆ చివరి మాటకు అన్నిటికంటే మంచి సాక్ష్యం శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం. ఇది నా మనసుకు దగ్గరి విషయం, కాస్త ఎక్కువే రాస్తాను.

1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో ఇది మొదలైంది. అప్పట్లో కొలువులో పని జరగాలన్నా, చదువు సాగాలన్నా ఉర్దూ రావాలి. ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలవాళ్లు కూడా నలుగురిలో తెలుగు పలకడానికి జంకేవారు. అలాంటి రోజుల్లో తెలుగు పుస్తకాల కోసం ఒక ఇల్లు తెరిచారు. రంగారావు గారితో పాటు మునగాల రాజా నాయని వెంకట రంగారావు, కొమర్రాజు లక్ష్మణరావు దీని వెనుక ఉన్నారు. లక్ష్మణరావు గారు అప్పుడు మునగాల సంస్థానంలో దివాను. ఐదేళ్లకు, 1906లో, ఈ పెద్దలే విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని కూడా హైదరాబాదులోనే స్థాపించారు. తెలుగులో చరిత్ర, విజ్ఞానశాస్త్రం పుస్తకాలుగా రావాలన్నది దాని ఉద్దేశం. తర్వాత అది మద్రాసుకు తరలింది.

ఇక్కడ వెలిగించిన దీపం ఇక్కడితో ఆగలేదు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధని గ్రంథాలయం వచ్చాయి. రంగారావు గారు 1910లో పోయారు. ఆయన భార్య లక్ష్మీనరసమ్మ గారు భర్త జ్ఞాపకంగా విరాళం ఇచ్చారు. 1921లో సొంత భవనం ఏర్పడింది. అదే ఇప్పుడు మనం సుల్తాన్ బజార్‌లో చూస్తున్న భవనం. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు, సురవరం ప్రతాపరెడ్డి, ఆదిరాజు వీరభద్రరావు, ఆ తరంలో మనకు తెలిసిన పెద్దపేర్లన్నీ ఏదో ఒక రూపంలో ఆ గుమ్మం తొక్కినవే.

మా పెదనాన్న డిగ్రీ చదివే రోజుల్లో సాయంత్రాలు అక్కడే గడిపేవారు. పత్రికలను కర్రపట్టీలకు బిగించి బల్లమీద పరిచేవారట. ఒకరు ముందు పేజీ చదువుతుంటే ఎదురుగా కూర్చున్నవారు వెనక పేజీ చదువుకునేవారు. పేజీ తిప్పేముందు ఎదుటివారి ముఖం చూసి, ఆయన తలూపాక తిప్పడం అక్కడి మర్యాద. పిల్లలను లోపలికి తీసుకెళ్లి ఆ బల్లల దగ్గర పది నిమిషాలైనా కూర్చోబెట్టండి.

వరలక్ష్మి_నారాయణగూడ

ఈ చర్చ మొదలుపెట్టినందుకు రాంకోఠి వాసి గారికి ధన్యవాదాలు. ఒక చిన్న ప్రశ్న. నిజాం రాజ్యంలోని తెలుగువాళ్లు పెట్టుకున్న ఆంధ్ర జనసంఘం పుట్టింది కూడా ఈ చుట్టుపక్కలే కదా? ఏ సభలో అన్నది సరిగ్గా తెలిస్తే చెప్పండి.

విశ్రాంత ఉపాధ్యాయుడు

వరలక్ష్మి గారూ, ఆ సభ వివేకవర్ధని నాటకశాలలో జరిగింది. 1921 నవంబరులో నిజాం రాష్ట్ర సంఘసంస్కార సభ. మహిళా విద్య కోసం పాటుపడిన మహర్షి కర్వే అధ్యక్షులు. ఉపన్యాసాలు ఇతర భాషల్లో సాగుతున్నంతసేపూ అందరూ వింటూనే ఉన్నారు. న్యాయవాది అల్లంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మాట్లాడబోతే సభికులు గోల చేసి, చప్పట్లు కొట్టి ఆపేశారు. రాజ్యంలో సగానికి పైగా జనం మాట్లాడే భాష అది. ఆ అవమానం భరించలేక కొందరు యువకులు నవంబరు 12న టేకుమాల రంగారావు గారి ఇంట్లో కూడి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. తర్వాతి ఆంధ్ర మహాసభకు మూలం అదే.

ఇది చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. వివేకవర్ధనిని విలన్‌గా చూపకండి. కేశవరావు కోరట్కర్, వామన్ నాయక్ వంటి మరాఠీ పెద్దలు 1907లో ఎంతో కష్టపడి నెలకొల్పిన విద్యాసంస్థ అది. ఈ పేటలో చదువుకు వాళ్లు చేసిన సేవ చిన్నది కాదు. కోరట్కర్ గారు తెలుగువారి సంస్థలకూ తోడ్పడ్డారు. సభలో కొందరు చేసిన తప్పును ఒక సంస్థకో, ఒక భాషవారికో అంటగడితే పిల్లలకు తప్పుడు పాఠం నేర్పినట్టు అవుతుంది.

నాకు బాగా నచ్చే ముడి ఒకటుంది. 1928లో మాడపాటి హనుమంతరావు గారు నారాయణగూడలో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల పెట్టారు. తెలుగు మాధ్యమానికి ఇక్కడ గుర్తింపు దొరకలేదు. చివరికి గుర్తింపు ఇచ్చింది కర్వే గారి మహిళా విశ్వవిద్యాలయం. ఏ సభలో తెలుగు నోరు నొక్కారో ఆ సభాధ్యక్షుడి విశ్వవిద్యాలయమే ఏడేళ్ల తర్వాత తెలుగులో చదివే ఆడపిల్లలకు అండగా నిలిచింది. ఆ హనుమంతరావు గారే 1951లో హైదరాబాదు తొలి మేయరు అయ్యారు.

ఇసామియా

ఇంతవరకూ అన్నీ చదివాను. అన్నీ అవసరమైన సంగతులే. కానీ కోఠి చరిత్ర అనగానే ప్రతిసారీ ఇవే పేర్లు ముందుకొస్తాయి. భాగ్యరెడ్డి వర్మ గారి పేరు చివర్లో, అదీ ఎవరైనా గుర్తుచేస్తే వస్తుంది. అందుకే రాస్తున్నాను.

1888లో హైదరాబాదులోనే పుట్టారు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టారు. హరికథలు, భజనల ద్వారా అంటరాని కులాలవారి మధ్యకు వెళ్లి చదువు గురించి, ఆత్మగౌరవం గురించి చెప్పేవారు. 1910లో ఇసామియా బజార్‌లోనూ లింగంపల్లిలోనూ బడులు తెరిచారు. ఇసామియా బజార్ ఎక్కడుంది? రెసిడెన్సీ భవనం ఉన్న మహిళా కళాశాల నుంచి నాలుగడుగులు. రెసిడెన్సీ మెట్ల మీద ఫొటోలు దిగేవాళ్లకు పక్క వీధిలో దళిత పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించిన బడి ఉండేదని తెలియదు. 1934 నాటికి ఆ బడులు 26 అయ్యాయి. ఆ తర్వాత వాటిని ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది.

1911లో మన్య సంఘం స్థాపించారు. దేవదాసీ, జోగిని ఆచారాలకు, బాల్యవివాహాలకు, తాగుడుకు వ్యతిరేకంగా పనిచేశారు. తగాదాలను కచేరీలదాకా పోనివ్వకుండా పంచాయతీలతో తీర్చేవారు. చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవన్ కట్టించారు. 1931లో భాగ్యనగర్ అనే పత్రిక మొదలుపెట్టారు. 1939లో చనిపోయారు, యాభై ఒకటో ఏడు నిండనేలేదు.

భాషా నిలయం స్థాపన నాటికి ఆ పుస్తకాల గదిలో కూర్చునే అవకాశం ఎవరికి ఉండేది? ఆ చదువు తమదాకా రాదని తెలిసినవారు తమ బడి తామే కట్టుకున్నారు. ఈ రెండూ ఒకే పేట చరిత్ర. పిల్లల నడక ఇసామియా బజార్ దగ్గరే మొదలుకావాలని నా కోరిక.

అక్షరాభిలాషి

ఇసామియా గారి మాటకు నా పూర్తి సమ్మతి. అక్కడే మొదలుపెడితే తర్వాత చూసే ప్రతిదాని అర్థమూ మారుతుంది.

ఆస్పత్రి వీధి

వైద్యం చేసినవారి గురించి అడిగారు కదా. డాక్టర్ రూపాబాయి ఫర్దూంజీ గురించి తప్పక చెప్పండి. హైదరాబాదు వైద్య పాఠశాలలో మొదటితరం మహిళా విద్యార్థినుల్లో ఆమె ఒకరు. 1880ల చివర క్లోరోఫారం మీద ఇక్కడ పెద్ద పరిశోధన జరిగింది. శస్త్రచికిత్సలో రోగి చనిపోతే దానికి కారణం గుండె ఆగడమా, ఊపిరి ఆగడమా అన్నది అప్పటి వాదం. రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ ఊపిరినే గమనించాలని గట్టిగా నమ్మేవాడు. ఆ కాలంలో రోగికి మత్తు ఇచ్చే పనిని రూపాబాయి చేతబట్టారు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తువైద్యుల్లో ఆమెను లెక్కిస్తారు. 1909లో ఎడిన్‌బరో వెళ్లి ఇంకా చదువుకుని వచ్చారు. చాదర్‌ఘాట్ ఆస్పత్రి సూపరింటెండెంటుగా 1920లో విశ్రాంతి తీసుకున్నారు.

నేను నర్సుగా పనిచేశాను. మత్తు ఇచ్చేవారి ముఖం రోగికి గుర్తుండదు. కోత కోసిన డాక్టరుకు దండం పెట్టి వెళ్తారు. అందుకే ఆమె పేరు పిల్లలకు, అందులోనూ ఆడపిల్లలకు చెప్పాలని అడుగుతున్నాను.

తుర్రేబాజ్_వీధి

1857 తిరుగుబాటును ఎవరూ ముట్టుకోలేదు. ఆ ఏడాది జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో రోహిల్లాలు, పేట జనం రెసిడెన్సీ మీద దాడి చేశారు. పడమటి గోడకు ఎదురుగా అబ్బన్ సాహెబ్, జైగోపాల్ దాస్ అనే ఇద్దరి ఇళ్లుండేవి. దాడి చేసినవాళ్లు ఆ రెండిళ్లలోకి చేరి అక్కడినుంచి కాల్పులు జరిపారు. ఒక ముస్లిం ఇల్లు, ఒక హిందూ ఇల్లు పక్కపక్కనే కోటలుగా మారిన రాత్రి అది. అల్లావుద్దీన్‌ను అండమానుకు పంపారు, అక్కడే పోయాడు. తుర్రేబాజ్ ఖాన్ పట్టుబడి, తప్పించుకుని, 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర చంపబడ్డాడు. శవాన్ని అందరికీ కనపడేలా వేలాడదీశారు. కోఠి బస్సుల ఆవరణ దగ్గర స్మారకం ఉంది. రోజూ దాని పక్కనే బస్సు ఎక్కుతాం.

వరలక్ష్మి_నారాయణగూడ

గౌలిగూడలో పాత బస్సు స్టాండు రేకుల గోపురం కూలిపోయిందిగా, దాని గురించి ఏమైనా చెప్పవచ్చా? మా నాన్నగారు దాని కింద నిలబడి మొదటిసారి ఊరు చూశానని ఇప్పటికీ చెబుతుంటారు.

విశ్రాంత ఉపాధ్యాయుడు

చెప్పవచ్చు. 1932లో నిజాం రైల్వే వారు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. ఈ నగరంలో ప్రభుత్వ బస్సు కథ అక్కడే మొదలు. ఆ అర్ధచంద్రాకారపు రేకుల షెడ్డులో దశాబ్దాలపాటు బస్సులు ఆగాయి. 2018 జులై 5న కూలింది. పగుళ్లు గమనించి ముందే ఖాళీ చేయించడం వల్ల ప్రాణనష్టం తప్పింది.

ఆ షెడ్డు విమానాల కోసం కట్టిందని, అమెరికా నుంచి తెప్పించారని రకరకాలుగా చెబుతారు. పిల్లలకు చెప్పేటప్పుడు జరిగినట్టు రుజువున్నది వేరు, జనం చెప్పుకునేది వేరు అని మొదటే చెప్పేయండి. రెండూ వినదగినవే. ఒకదాన్ని ఇంకొకటిగా చెప్పడమే తప్పు.

మూసీతీరం

చివరి మజిలీ అఫ్జల్‌గంజ్ అయితే బాగుంటుంది. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు ఆ చెట్టెక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరదలో వేలమంది పోయారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ కళ్లముందే తల్లి, భార్య, కూతురు కొట్టుకుపోయారు. ఆయన ఒక్కరే బతికారు. తర్వాత జీవితమంతా రాసిన రుబాయీల్లో, అంటే నాలుగు పాదాల పద్యాల్లో, ఆ దుఃఖం ఉంది.

వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సలహా మీదే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. 1912లో నగర అభివృద్ధి మండలి ఏర్పడింది. విశాలమైన రోడ్లు, నదీతీరపు తోటలు దాని పనే.

పాతపుస్తకాల ప్రేమికుడు

అందరూ పెద్దవాళ్ల గురించే రాశారు. పేరు ఎక్కడా అచ్చుకాని వాళ్ల మాటేమిటి? నేను ఇంటర్మీడియెట్ చదివేటప్పుడు కోఠి కాలిబాట మీద పుస్తకాలు అమ్మే ఒక పెద్దాయన ఉండేవారు. డబ్బు సరిపోకపోతే పుస్తకం మొదటి పేజీలో పెన్సిల్‌తో చిన్న గీత పెట్టి ఇచ్చేవారు. చదివి తెచ్చిస్తే గీత చెరిపేసి మళ్లీ అమ్మకానికి పెట్టేవారు. లెక్కల పుస్తకాలు అలా ఎంతమంది చేతులు మారాయో. ఇంజనీర్లయినవాళ్లు ఆయన్ను వెతుక్కుంటూ వచ్చి పలకరించడం నేను చూశాను. ఆయన ఫొటో ఒక్కటి కూడా నా దగ్గర లేదు.

ఇలాంటివారి గురించి సమాచారం ఎలా సేకరించాలో ఎవరైనా చెప్పగలరా?

విశ్రాంత ఉపాధ్యాయుడు

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. నాకు తెలిసిన పద్ధతి రాస్తాను.

పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లి "ఇక్కడి చరిత్ర చెప్పండి" అంటే "మాకేం తెలుసు నాయనా" అంటారు. అలా అడగకూడదు. "మీ ఇంటి ఎదురుగా అప్పుడు ఏముండేది? నీళ్లు ఎక్కడినుంచి తెచ్చుకునేవారు? కాన్పుకు ఎవర్ని పిలిచేవారు? ఉత్తరం ఎవరితో రాయించేవారు?" అని అడగండి. కాన్పు చేసిన మంత్రసాని, ఉత్తరాలు రాసిపెట్టిన గుమాస్తా, సైకిలు అద్దెకిచ్చిన మనిషి వరుసగా బయటికొస్తారు. ఒకరు చెప్పినదాన్ని ఇంకొకరి దగ్గర సరిచూసుకోండి. ఏడు గుర్తులేకపోతే పెళ్లితోనో, ఎన్నికలతోనో, 1948 నాటి పోలీసు చర్యతోనో ముడిపెట్టి అడిగితే కాలం తేలుతుంది.

ఇళ్లలో పాత పెళ్లి శుభలేఖలు, బడి ధ్రువపత్రాలు, రసీదులు ఉంటాయి. శుభలేఖ మీద ఇంటి నంబరు, వీధి పేరు అప్పటివి ఉంటాయి. గుడి, మసీదు, గ్రంథాలయాల్లో దాతల శిలాఫలకాలు చదవండి, సున్నం వేసి కప్పేసినవి ఉంటే ఫొటో తీసి పెట్టుకోండి. తార్నాకలో రాష్ట్ర పురాలేఖ కార్యాలయం ఉంది. 1910ల్లో లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో తయారైన నగర పటాల్లో వీధులతో పాటు కట్టడాలు కూడా గుర్తించారు. ఆ పటాన్ని ఇవాళ్టి వీధితో పోల్చి చూపిస్తే పిల్లలు గంటసేపు కదలరు.

అక్షరాభిలాషి

పంతులుగారి మాటకు కొనసాగింపు. తెలంగాణలో తెలుగు కవులు లేరన్నట్టు ఒకరు రాస్తే సురవరం ప్రతాపరెడ్డి గారు వాదనకు దిగలేదు. ఊరూరి కవులను తమ వివరాలు, పద్యాలు పంపమన్నారు. 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక వచ్చింది. అందులో చాలామంది తమ ఊరు దాటి ఎవరికీ తెలియనివారే. మనం కూడా వీధి వీధికీ ఒక పుట చొప్పున రాయించి ఒకచోట చేరుస్తే పుస్తకాలాయన లాంటివాళ్లకు చోటు దొరుకుతుంది.

ఆస్పత్రి వీధి

బతికున్నవారి గురించి రాసేటప్పుడు వారి అనుమతి తీసుకోవాలి. పోయినవారి గురించైతే కుటుంబాన్ని అడగాలి. రోగాలు, అప్పులు, ఇంటి గొడవలు రాయకండి. మంచి ఉద్దేశంతో రాసినా నొచ్చుకుంటారు.

తుర్రేబాజ్_వీధి

తొందరగా చేయాలి. మెట్రో పనులప్పుడు సుల్తాన్ బజార్‌లో దుకాణాల ముఖాలెన్ని మారిపోయాయో అందరం చూశాం. 2020లో స్టేషను తెరిచాక వచ్చినవాళ్లకు పాత వీధి ఎలా ఉండేదో ఊహకు కూడా అందదు. మీ ఇళ్లలో ఆ వీధి ఫొటోలుంటే, పెళ్లి ఊరేగింపుల్లో వెనక కనపడేవైనా సరే, ఇక్కడ పెట్టండి.

రాంకోఠి వాసి

ఇంత సమాచారం వస్తుందని అనుకోలేదు. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఇప్పటికి అనుకున్న దారి ఇది: ఇసామియా బజార్, అక్కడినుంచి రెసిడెన్సీ, కోఠి బస్సుల దగ్గర 1857 స్మారకం, సుల్తాన్ బజార్‌లో భాషా నిలయం, జాంబాగ్‌లో వివేకవర్ధని, గౌలిగూడ, చివరికి అఫ్జల్‌గంజ్ చింతచెట్టు. రూపాబాయి గారి గురించి రెసిడెన్సీ దగ్గర చెబుదామా, ఆస్పత్రి ఆవరణలో చెబుదామా?

ఆస్పత్రి వీధి

ఆస్పత్రి ఆవరణలో. రోగుల బంధువులు కూర్చునేచోట గుంపుగా నిలబడకుండా చెట్టు పక్కకు వెళ్లి చెబుదాం. నేను వస్తాను.

మూసీతీరం

రెసిడెన్సీ ఇప్పుడు చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది. లోపలికి వెళ్లడానికి ముందే ఉత్తరం రాసి అనుమతి తీసుకోండి. 1924లో మొదలైన మహిళా కళాశాల 1949లో ఆ భవనంలోకి వచ్చింది. అక్కడ చదివిన అమ్మమ్మలు ఎవరైనా మీ కాలనీలో ఉంటే వాళ్లనే ముందు నడవమనండి.

వరలక్ష్మి_నారాయణగూడ

మా అత్తగారు అక్కడే చదివారు. అడిగాను, మోకాళ్ల నొప్పులున్నా వస్తానన్నారు. దర్బారు హాలు దగ్గర ఒక కుర్చీ ఏర్పాటు చేస్తే చాలు.

ఇసామియా

ఇసామియా బజార్ దగ్గర నేను మాట్లాడతాను. ఒక్కో చోటుకు ఐదు నిమిషాలు అనుకుంటున్నట్టున్నారు, అక్కడ నాకు పదిహేను నిమిషాలు కేటాయించండి. భాగ్యరెడ్డి వర్మ గారి బడిలో చదివినవారి మనవలు ఇద్దరు ఇప్పటికీ ఈ చుట్టుపక్కల ఉన్నారు. వాళ్లు ఒప్పుకుంటే వెంటబెట్టుకొస్తాను, పిల్లలు వాళ్లనే అడగవచ్చు.